స్కీమ్ ట్రిప్పా, క్రెడిట్ నోటా?

ప్రశ్న: నమస్తే సార్. నాది గాజువాకలో పైపులు, ట్యాపుల షాపు. పోయినేడు టార్గెట్ కొట్టానని కంపెనీవాళ్లు బ్యాంకాక్, పట్టాయా పంపించారు. పేరుకి ఫారిన్ ట్రిప్పే గానీ సార్, ఏం చెప్పమంటారు, తెల్లారగట్ల ఫ్లైట్ దిగితే రూము మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వనన్నారు, అప్పటిదాకా లాబీలో సూట్‌కేసుల మీద తల పెట్టుకుని పడుకున్నాం. ఫోర్ స్టార్ అన్న హోటలు బీచ్‌కి ఎక్కడో దూరం. కోరల్ ఐలాండ్‌కి తీసుకెళ్తామన్న రోజు వాన, పడవలు లేవన్నారు, దాని బదులు బస్సులో జెమ్స్ షోరూముకి తీసుకెళ్లి తలుపులేసినంత పని చేశారు. మర్నాడు సగం రోజు మీటింగు, కొత్త ప్రోడక్టు గురించి స్పీచ్‌లు, అది మాకు కంచరపాలెంలో చెప్పినా సరిపోయేది కదా. తిండి సంగతి అడక్కండి, పొద్దున సాయంత్రం అదే పనీర్, అదే పసుపు పప్పు, మా అనకాపల్లి ఫ్రెండు అయితే గిన్నె మూత తియ్యకుండానే "ఏటి మావా, మళ్లీ ఇదే వచ్చీసిందా" అనేవాడు.

కానీ సార్, నిజం చెప్పాలంటే అంత నవ్వుకుని చాలా ఏళ్లయింది. మా రూములో ఏసీ నుంచి నీళ్లు సరిగ్గా నా మంచం మీదే కారేవి. రిసెప్షన్‌కి చెప్తే బకెట్ పంపించారు. అర్ధరాత్రి అనకాపల్లి, విజయనగరం, తగరపువలస డీలర్లందరూ మా రూములో చేరి, ఇంతమంది పైపుల వాళ్లం ఉండి బకెట్ పెట్టుకుని పడుకోవడం ఏటిరా అని, కుర్చీ మీద కుర్చీ వేసి చూస్తే డ్రెయిన్ పైపు జాయింటు ఊడి ఉంది. మీటింగులో ఇచ్చిన శాంపిల్ కిట్‌లో టెఫ్లాన్ టేపు ఉంటే అది చుట్టి బిగించీసాం, చుక్క పడితే ఒట్టు. పొద్దున్నకల్లా పక్క రూము వాళ్లు మా తలుపు కొట్టి "అన్నా, మాదీ కొంచెం చూడండి" అన్నారు. రాత్రుళ్లు విజయనగరం ఆయన తెచ్చిన ఆవకాయతో అన్నం, తర్వాత పేకాట. (పట్టాయాలో క్లబ్బులుండే వాకింగ్ స్ట్రీట్ గురించి రాయను, మా ఆవిడ మీ పేజీ చదువుతుంది.)

ఇప్పుడు ఈ ఏడాది బాలీ అంటున్నారు, వద్దంటే అంత విలువకి క్రెడిట్ నోటు, అంటే మేం కంపెనీకి కట్టాల్సిన సరుకు బిల్లులో తగ్గింపు, ఇస్తారట. ఫ్రెండ్స్ రమ్మంటున్నారు. మా ఆవిడ క్రెడిట్ నోటు తీసుకుని పిల్లల్ని అరకు తీసుకెళ్లమంటోంది. పైగా ఆ పాత ట్రిప్పుకి 80 వేల విలువ చూపించి బయలుదేరే ముందు నా దగ్గర 8 వేలు చెక్కు తీసుకున్నారు, అది దేనికో ఇప్పటికీ తెలీదు. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు ఆ 8 వేల సంగతి చూద్దాం, ఎందుకంటే మీలాంటి డీలర్లు చాలామంది అది కంపెనీవాడు నొక్కేశాడనుకుంటున్నారు. కాదు. 2022 జులై 1 నుంచి ఒక రూల్ వచ్చింది, అప్పట్లో 194ఆర్ సెక్షన్ అనేవాళ్లు. వ్యాపారంలో ఎవరైనా మీకు డబ్బు రూపంలో కాకుండా ట్రిప్పు, బంగారం, ఫోను, ఇలాంటివి ఇస్తే, ఏడాదిలో వాటి విలువ 20 వేలు దాటితే పది శాతం టీడీఎస్, అంటే మీ తరఫున ముందే కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్, కట్టాకే ఇవ్వాలి. ఇచ్చేది వస్తువే కాబట్టి అందులోంచి కోసుకోడానికి ఉండదు, అందుకే చెక్కు అడిగారు. అది మీ పాన్ మీదే పడుతుంది, మీ పేరున జమైన ట్యాక్స్ చూపించే 26ఏఎస్‌లో చూసుకోండి, లేకపోతే అప్పుడు కంపెనీని గట్టిగా అడగండి.

కథ అక్కడితో అయిపోలేదు బాబూ. ఆ 80 వేలు మీ వ్యాపార ఆదాయంలో కలుస్తుంది. మీరు 30 శాతం స్లాబులో ఉన్నారనుకోండి, దాని మీద 24 వేలు, సెస్ వేరే. కట్టిన 8 వేలు పోను ఇంకో 16 వేలు మీరే కట్టాలి. అంటే లాబీలో పడుకున్నందుకు, షోరూములో నిలబడ్డందుకు కూడా ట్యాక్సే! ట్రిప్ బాగుందా లేదా అని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు అడగరు, కంపెనీ బిల్లు ఎంతన్నదే లెక్క. పోయినేడు రిటర్న్‌లో ఇది చూపించారో లేదో మీ ఆడిటర్‌ని వెంటనే అడగండి.

క్రెడిట్ నోటుకైతే ఆ బాధ లేదు. అమ్మకాల మీద డిస్కౌంటుగా ఇచ్చేది ఈ రూల్లోకి రాదని 2022లోనే సర్క్యులర్ ఇచ్చారు. ట్యాక్స్ అస్సలు ఉండదని కాదు, మీ కొనుగోలు ఖరీదు తగ్గుతుంది, ఆ మేరకు లాభం పెరుగుతుంది, దాని మీద పడుతుంది. కాకపోతే డబ్బు మీ చేతిలో ఉంటుంది.

ఇక ట్రిప్ ఎందుకలా ఏడ్చింది అంటే, మీరు వెళ్లిన నెల రాయలేదు గానీ సెప్టెంబరో అక్టోబరో అయ్యుంటుందని నా అనుమానం. అటువైపు వానలు ఎక్కువగా పడేది అప్పుడే, జనం రారు, హోటల్ రేట్లు పడిపోతాయి, గ్రూపుల్ని బల్క్‌గా తోలడానికి అదే చవక. రేటు ఇంకా తగ్గించాలంటే టూర్ వాడు షోరూముల్లో ఆపుతాడు, అక్కడ మనం కొన్నదాంట్లో వాడికి కమీషన్. ఇది ఆ ఊళ్లో కొత్తేం కాదు. ఎవరూ మిమ్మల్ని ప్రత్యేకించి మోసం చెయ్యలేదు, చవకరకం ప్యాకేజీ అంటే అంతే.

మీ ఉత్తరంలో నవ్వొచ్చిన భాగాలు మళ్లీ చదివాను. ఏసీ, ఆవకాయ, పేకాట. వీటిల్లో ఒక్కటీ కంపెనీ ఇచ్చింది కాదు, చివరికి ఆ టేపు తప్ప. ఆ మనుషులేమో అనకాపల్లి, విజయనగరం, తగరపువలసల్లోనే ఉన్నారు, బస్సెక్కితే కలవొచ్చు, దీనికి బాలీ దాకా ఎందుకు? నా మాటైతే క్రెడిట్ నోటే తీసుకోండి. తీసుకుని ఊరుకుంటే మాత్రం ఆ డబ్బు షాపు సరుకులో కలిసిపోయి కనపడదు, ఫ్రెండ్స్ బాలీ ఫోటోలు పెడుతుంటే మీరు కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తూ ఉంటారు, కాబట్టి ముందే అందరికీ ఫోన్లు చేసి వాళ్లనీ క్రెడిట్ నోటే తీసుకోమనండి.

మీ ఆవిడగారి అరకు మాట నాకు నచ్చింది. కుటుంబాలతో సహా అందరూ కలిసి వెళ్లండి. కిరండూల్ రైలుకి అద్దాల పైకప్పు విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఉంది, పొద్దున్నే వైజాగ్ స్టేషన్లో ఎక్కాలి, దారిలో 58 సొరంగాలు, పిల్లలు ప్రతి సొరంగంలో అరుస్తారు, మీరేం అనకండి. బొర్రా గుహలు, బొంగు చికెన్ సరే సరి. చలికాలం వీకెండ్స్‌లో టికెట్లు, రూములు దొరకడం కష్టం, షాపు సెలవు చూసుకుని మామూలు రోజుల్లో పెట్టుకోండి.

లేదు, బ్యాచ్ అంతా బాలీకే ఫిక్స్ అయిపోయింది అంటారా, అయితే వెళ్లండి, తప్పేం లేదు. ఒప్పుకునే ముందే హోటల్ పేరు, రూములో తోడు ఎవరు, షాపింగ్ కోసం ఎక్కడెక్కడ ఆపుతారు, మీటింగ్ ఎన్ని గంటలు, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. ఇంకోటి, ఆవిడగారిని కూడా కంపెనీ ఖర్చుతో తీసుకెళ్తే ఆ విలువ కూడా మీ లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: మా ఆయన కూడా కంపెనీ తరఫున పట్టాయా వెళ్తున్నారండీ. మా మరిది వేప్, అదే ఈ-సిగరెట్, తెమ్మంటున్నాడు, ఈయన సరే అన్నారు. ఏమైనా ఇబ్బందా?
– ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: ఇబ్బందేనమ్మా, రెండు దేశాల్లోనూ. థాయ్‌లాండ్‌లో వేప్ మీద నిషేధం ఉంది, పోలీసులు పట్టుకుంటారు. మన దగ్గర 2019 నుంచి ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి అన్నీ బ్యాన్. పట్టాయా బజార్లో బహిరంగంగా కనిపిస్తాయి, చూసి మోసపోవద్దనండి. మరిదిగారికి అక్కడ రోడ్డు పక్కన అమ్మే పుల్లమామిడి ముక్కల మీదకిచ్చే పంచదార, ఉప్పు, కారం కలిపిన పొడి ప్యాకెట్టు తెమ్మనండి. ఆర్కే బీచ్‌లో మామిడికాయ తిన్నవాడికి అది కచ్చితంగా నచ్చుతుంది.