షట్టర్ దించితే మంట పసుపు రంగుకు తిరుగుతోందా? బర్నర్ మార్చకండి

పౌడర్ కోటింగ్ (లోహపు సామాన్ల మీద చల్లిన రంగుపొడిని వేడితో అతికించే) ఒవెన్‌కి గ్యాస్ బర్నర్ పెట్టించారు, షట్టర్ దించాక మంట పసుపు రంగుకు తిరిగి ఆరిపోతోంది, కుర్రాళ్లు తలనొప్పి అంటున్నారు, పెద్ద బర్నర్ వేయాలా అని అడిగారు. వద్దండీ. ఆ తలనొప్పి కార్బన్ మోనాక్సైడ్ (సీవో) అనే విషవాయువు వల్ల కావచ్చు, దానికి వాసనే ఉండదు. కారణం తేలేదాకా ఒవెన్ ఆపేయండి.

జీడిమెట్లలో మా షెడ్డులోనూ ఇదే గొడవ. వానజల్లు పౌడర్ మీద పడుతోందని షట్టర్ దించేవాళ్లం. మెకానిక్ రెండుసార్లు నాజిల్ కడిగి డబ్బులు తీసుకెళ్లాడు. మూడోసారి వేరే పెద్దాయన వచ్చి, టూల్ బ్యాగ్ కూడా తెరవకుండా, దేవుడి పటం దగ్గరి అగరుబత్తి తెచ్చి షట్టర్ కింది సందు దగ్గర పట్టాడు. పొగ సర్రున లోపలికి లాక్కుపోయింది. పౌడర్ చల్లే బూత్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపించాడు. పొగ నిటారుగా లేచింది. కాసేపటికి మంట నీలానికి తిరిగింది.

కిలో ఎల్పీజీ కాలాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. మా బర్నర్ గంటకు 4 కిలోలు తాగుతుంది, అంటే 52. ఫ్యాన్ బయటికి తోసేది మాత్రం వేలల్లో! మూసిన షెడ్డులో దానికి గాలి దొరక్క చిమ్నీలోంచి వెనక్కి లాగుతుంది, పొగ మన మీదికే దిగుతుంది.

బర్నర్ కోసం బయటి గోడకు రెండు కన్నాలు కొట్టించాం, నేలకు అడుగులోపు ఒకటి, పైకప్పుకు అడుగులోపు ఒకటి. అమెరికా గ్యాస్ కోడ్ లెక్కలో గంటకు 4000 బీటీయూ (వేడి కొలత)కి ఒక్కో కన్నం చదరపు అంగుళం ఉండాలి. మాది దాదాపు 1.9 లక్షల బీటీయూ, కాబట్టి 48 చదరపు అంగుళాలు. కన్నానికి బిగించే వాలు రేకుల తలుపు, అదే లూవర్, అందులో పావువంతు మింగేస్తుంది, అందుకే 8×8 అంగుళాలు పెట్టాం. ఫ్యాన్‌కి బూత్ వైపు గాలి వచ్చేందుకు వేరే పెద్ద దారి ఇచ్చాం. అది ఇవ్వకపోతే ఈ కన్నాలు దండగే.

దోమల జాలీ మాత్రం బిగించకండి, పౌడర్ పట్టి మూసుకుపోతుంది (మావాడు బిగించాడు లెండి). కింది కన్నం బయట సిలిండర్లు పెట్టకండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేరుగా లోపలికే వస్తుంది. సీవో అలారం ఒకటి కొనండి.

చలికాలంలో ఒకరోజు పై కన్నంలో గోనెసంచి కుక్కి ఉంది. ఎవరు కుక్కారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. పొద్దున షెడ్డు తీయగానే నేను ముందు అక్కడికే వెళ్లి చూస్తాను.