అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు ఏ పాలసీ?

ప్రశ్న: నాకు 66, మా ఆవిడకు 61. అమ్మాయి పురిటికని డాలస్ వెళ్లి ఐదు నెలలు ఉంటాం. నాకు షుగరు, బీపీ ఉన్నాయి. పాలసీ ఇక్కడే తీసుకోండంటాడు ఏజెంటు, తను అక్కడ కొంటానంటాడు అల్లుడు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ విషయంలో అల్లుడి మాటే మేలు. కాకపోతే ఆయన ఏ రకం కొంటున్నారో అడగండి. అమెరికాలో సందర్శకులకు రెండు రకాలు అమ్ముతారు. ‘ఫిక్స్‌డ్’ పాలసీ చవక. ఆస్పత్రి గదికి రోజుకింత, ఆపరేషన్‌కు ఇంత అని పట్టిక ఉంటుంది. బిల్లు ఎంతైనా పట్టికలో ఉన్నంతే ఇస్తారు. ‘కాంప్రహెన్సివ్’లో ముందు డిడక్టిబుల్, అంటే బిల్లులో మీ వాటాగా ముందే నిర్ణయించిన మొత్తం, మీరు కట్టుకోవాలి. నెట్‌వర్క్ ఆస్పత్రిలో (కంపెనీతో ఒప్పందం ఉన్నది) ఆ తర్వాతి 5,000 డాలర్లలో సాధారణంగా 80 శాతం, ఆపైన పాలసీ పరిమితి దాకా మొత్తం కంపెనీ భరిస్తుంది.

లెక్క చూడండి. బిల్లు 20,000 డాలర్లు, డిడక్టిబుల్ 250 అనుకుందాం. కాంప్రహెన్సివ్ అయితే మీ చేతినుంచి పోయేది 250, దానిపై ఆ 5,000లో మీ 20 శాతం కింద 1,000, అంటే 1,250. ఫిక్స్‌డ్ పట్టిక ప్రకారం 6,000 వచ్చిందనుకుంటే మిగతా 14,000 అల్లుడి నెత్తిన పడుతుంది. ప్రీమియంలో మిగిలిందేపాటి? లక్ష డాలర్లకు తక్కువ కవరేజీ తీసుకోవద్దు.

ఇక మీ షుగరు, బీపీ. పాత జబ్బులకు ఈ పాలసీల్లో సాధారణంగా ఉండేది ‘అక్యూట్ ఆన్‌సెట్’ మాత్రమే: ముందు సూచనలేవీ లేకుండా హఠాత్తుగా ముంచుకొచ్చి, 24 గంటల్లోపు వైద్యానికి వెళ్లినవే. గుండెనొప్పి రాగానే ఆస్పత్రికి వెళ్తే క్లెయిమ్‌కు దారి ఉంటుంది. ‘గ్యాసేమోలే’ అని మూడు రోజులు ఓర్చుకుని వెళ్తే అక్కడే తిరస్కరిస్తారు. మామూలు చెకప్‌లకు, రోజూ వేసుకునే మాత్రలకు సాధారణంగా పైసా రాదు. ఐదు నెలల మందులు, ప్రిస్క్రిప్షన్‌తో సహా, హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోండి. చాలా ప్లాన్లలో వయసు 70 దాటితే ‘అక్యూట్ ఆన్‌సెట్’ సదుపాయం తగ్గిపోతుంది లేదా ఉండదు. మీకింకా ఆ చిక్కు లేదు.

ఇక్కడి పాలసీయే కావాలనుకుంటే విమానం ఎక్కకముందే కొనాలి. ఫారంలో ‘ఏ జబ్బూ లేదు’ అని ఏజెంటును రాయనివ్వకండి. క్లెయిమ్ వచ్చాక పాత రిపోర్టులు అడుగుతారు, బీపీ దాచారని తేలితే డబ్బు రాదు.

రెండు నెలలకు కొని, తర్వాత మరోటి కొందామనుకోవద్దు. మొదటి పాలసీలో బయటపడిన జబ్బు కొత్త పాలసీకి పాత జబ్బైపోతుంది. బయల్దేరే రోజు నుంచి మొత్తం కాలానికి ఒకేసారి, పొడిగించుకోగలిగిన పాలసీ కొనండి. జ్వరం, దగ్గు లాంటివాటికి ఎమర్జెన్సీకి పరుగెత్తకుండా ‘అర్జెంట్ కేర్’ క్లినిక్‌కు (చిన్న జబ్బులకు అప్పటికప్పుడు చూసేది) వెళ్లండి, అడ్మిట్ కాకుండా ఎమర్జెన్సీ నుంచి తిరిగొస్తే చాలా పాలసీలు అదనపు డిడక్టిబుల్ వేస్తాయి. ఆస్పత్రి, డాక్టరు, అంబులెన్స్ బిల్లులు విడివిడిగా, వారాల తర్వాత కూడా వస్తాయి. దేన్నీ పారేయకండి.

ప్రశ్న: ఫ్రాన్స్, ఇటలీ టూర్‌కు వీసా కోసం ఎంత కవరేజీ ఉండాలి? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీకు కావాల్సింది షెంజెన్ వీసా, అంటే ఫ్రాన్స్, ఇటలీ సహా పలు ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లేది. దానికి కనీసం 30,000 యూరోలు. పాలసీపై షెంజెన్ దేశాలన్నిటికీ వర్తిస్తుందని ఉండాలి, మీరక్కడ ఉండే ప్రతి రోజూ అందులోకి రావాలి. తిరుగు ప్రయాణం ఒక రోజు జరిగినా ఇబ్బంది పడకుండా రెండు మూడు రోజులు ఎక్కువ వేసుకోండి.