బొచ్చె, రోహు చెరువుకు సముద్రపు సూక్ష్మ శైవలాలు అవసరమా?

కడప దగ్గర బోరు నీటితో నింపిన చెరువులో బొచ్చె, రోహు పెంచుతున్నానని, నానోక్లోరోప్సిస్ అనే సముద్రపు సూక్ష్మ శైవలం (కంటికి కనిపించనంత చిన్న నాచు) కల్చర్ పోస్తే మేత ఖర్చు తగ్గుతుందని ఒకరు అమ్మజూపుతున్నారని మీరు రాశారు. దయచేసి కొనకండి.

అది గొప్ప మేతే, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతాను. కర్నూలు వైపు కె.సి. కాలువ కింద చేపల చెరువు పెట్టకముందు నేను కాకినాడ తీరంలో ఒక రొయ్యల హేచరీలో (గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోట) శైవలాలు పెంచేవాణ్ణి. రొయ్య పిల్ల జోయియా అనే తొలి మేత దశకు రాగానే దానికి కీటోసెరాస్ అనే మరో సూక్ష్మ శైవలం అందాలి. బీకరులో కాస్త నీళ్లు ముంచి వెలుతురుకు పట్టుకుంటే, కడుపునిండా తిన్న పిల్ల వెనుక మలం సన్నని దారంలా వేలాడుతుంది. ఆ దారం కనిపించని రోజు మాకెవరికీ కుదురుండేది కాదు. పండుగప్ప హేచరీల్లోనూ అంతే. నానోక్లోరోప్సిస్‌ను రోటిఫర్లు అనే అతి చిన్న నీటి జీవులు తింటాయి, రోటిఫర్లను చేప పిల్లలు తింటాయి. ఇ.పి.ఏ., డి.హెచ్.ఏ. అనే ఒమేగా-3 కొవ్వులను సముద్రపు చేపలు చాలావరకు సొంతంగా తయారు చేసుకోలేవు కాబట్టి వాటికి ఇవి మేతలోనే అందాలి.

మన బొచ్చె, రోహులు మంచినీటి చేపలు. మేతలోని లినోలెనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు నుంచి ఆ కొవ్వులను కొంతవరకు అవే తయారు చేసుకుంటాయి. పైగా నానోక్లోరోప్సిస్ కణం రెండు నుంచి నాలుగు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). జంతు ప్లవకాలను (నీళ్లలో తేలే అతి చిన్న జీవులను) వడపోసి తినే బొచ్చెకు అంత చిన్న కణం నేరుగా చిక్కదు. ఇక నీటి సంగతి: సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బోరు నీళ్లు నోటికి ఉప్పగా తగిలినంత మాత్రాన సముద్రపు నీళ్లు కావు, వాటిలోని లవణాల పాళ్లు వేరు. మీ చెరువులో ఇప్పటికే పాతుకున్న మంచినీటి శైవలాల మధ్య ఈ కొత్తది నిలదొక్కుకోవడం కష్టం.

ఆ డబ్బు పశువుల ఎరువుకు, సూపర్ ఫాస్ఫేట్‌కు పెట్టండి. శైవలాలు వాటంతటవే పుడతాయి, వాటిని తిని బొచ్చెకు కావలసిన జంతు ప్లవకాలు పెరుగుతాయి. తవుడు, వేరుశనగ చెక్క మాత్రం మానకండి. నీటి మీద చిక్కటి ఆకుపచ్చ రంగు ఒలికినట్టు తెట్టు కడితే అది మైక్రోసిస్టిస్ అనే హానికరమైన నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. వెంటనే ఎరువు ఆపి, మేత తగ్గించండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే రాత్రి నుంచే ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) నడపాలి.

ఎండ బాగా ఉన్నప్పుడు మోచేతి వరకు చెయ్యి నీళ్లలో ముంచి చూడండి. అరచెయ్యి కనిపిస్తోందా లేదా, నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, చెరువు ఎన్ని ఎకరాలు అన్నవి రాయండి. ఎరువు ఎంత వేయాలో చెబుతాను.