ఎదురుకాళ్ల బిడ్డ అనగానే సిజేరియన్ ఖాయం కాదు

33వ వారం స్కానింగులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందన్నారని, ఇక సిజేరియన్ తప్పదా అని అడిగారు. ఇప్పుడే ఆ నిర్ణయానికి రాకండి చెల్లెమ్మా. చాలామంది బిడ్డలు తమంతట తామే తిరుగుతారు. నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురు, నలుగురే.

36వ వారం దాటినా తిరగకపోతే ఈసీవీ గురించి డాక్టరును అడగండి. పొట్టపై చేతులతో నొక్కి బిడ్డ తలను కిందికి తిప్పే పద్ధతి ఇది. కొంత నొప్పి ఉంటుంది. దాదాపు సగం మందిలో ఫలిస్తుంది. అరుదుగా, సుమారు 200 మందిలో ఒకరికి, వెంటనే సిజేరియన్ చేయాల్సి వస్తుంది. అందుకే ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. మాయ కిందికి ఉంటే చేయరు. మీది నెగటివ్ బ్లడ్ గ్రూపైతే, బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారుకాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ గురించీ అడగండి. ఇంట్లో ఎవరితోనూ పొట్ట నొక్కించి తిప్పించవద్దు, దయచేసి!

అప్పటికీ తిరగకపోతే సిజేరియన్, లేదా ఇలాంటి కాన్పుల్లో అనుభవమున్న డాక్టరు ఉంటే మామూలు కాన్పు. ఆ అనుభవం ఎంత ఉందో నేరుగా అడగండి, అది మీ హక్కు. ఈలోగా ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డుతాడు ముందుగా జారే ప్రమాదం ఉంటుంది.