స్టీలు రెయిలింగ్ జాయింట్ల దగ్గర గోధుమ మరకలు: మళ్లీ బఫింగ్ కొట్టిస్తే పోతాయా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో కొత్త ఇల్లు. బాల్కనీకి, మెట్లకు 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు పైపుతో అద్దంలా మెరిసే రెయిలింగ్ పెట్టించాం. మూడు నెలలు తిరక్కుండానే ప్రతి వెల్డింగ్ జాయింట్ చుట్టూ గోధుమ రంగు మరకలు. పైపు మధ్యలో మాత్రం తళతళలాడుతోంది. వెల్డర్ వచ్చి ఇంకోసారి బఫింగ్ (గుడ్డ చక్రంతో మెరుపు పట్టడం) కొడతానంటున్నాడు. అది చాలా?

జవాబు:

చాలదు. బఫింగ్‌తో మరక పోతుంది, మరకకు కారణం అక్కడే ఉండిపోతుంది. రెండు వానలు పడితే అదే చోట మళ్లీ తేలుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు నుంచి కాపాడేది మెరుపు కాదు. అందులోని క్రోమియం గాలి తగలగానే పైన కట్టుకునే, కంటికి ఆనని సన్నటి ఆక్సైడ్ పొర. వెల్డింగ్ వేడికి జాయింట్ పక్కన గడ్డి రంగు, బంగారు రంగు, ఊదా, నీలం వరసగా పట్టీల్లా వస్తాయి. ఆ రంగంతా మందంగా పేరుకున్న ఆక్సైడే. అది కట్టుకోవడానికి కింది లోహంలోంచి క్రోమియాన్ని లాగేసుకుంటుంది. కాబట్టి రంగు కింద కొన్ని మైక్రాన్ల మందాన క్రోమియం తగ్గిన లోహం మిగులుతుంది. మెత్తటి బఫ్ చక్రం రంగును తుడిచేస్తుంది కానీ ఆ బలహీనమైన లోహాన్ని పూర్తిగా కోయదు, దానిమీదే మెరుపు తెస్తుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే అయ్యుండాలి. పైపు మధ్యలో మరక లేకపోవడమే అందుకు సూచన.

అయినా పని మొదలుపెట్టే ముందు మూడు అనుమానాలు తీర్చుకోండి.

మొదటిది గ్రేడు. 304 అని చెప్పి 202 పైపు అంటగట్టడం మన దగ్గర కొత్తేమీ కాదు. 304లో నికెల్ 8 శాతం పైనే ఉంటుంది. 202లో 4 నుంచి 6 శాతమే, మిగతా లోటు మాంగనీసుతో పూడుస్తారు. అయస్కాంతంతో చూడటం నమ్మకమైన పరీక్ష కాదు. పైపుగా వంచినప్పుడు, వెల్డింగ్ చేసినప్పుడు 304 కూడా కొంచెం పట్టుకుంటుంది. 9 వోల్టుల బ్యాటరీతో కలిపి అమ్మే గ్రేడు పరీక్ష చుక్కలమందు తెచ్చుకుని పైపు మీద ఒకచోట, జాయింటు మీద ఒకచోట వేసి చూడండి. కొన్నిసార్లు పైపు 304 అయినా ఫిల్లర్ రాడ్ (వెల్డ్‌లో కరిగించి నింపే కడ్డీ) వేరేది వాడేస్తారు. 304కు 308ఎల్ రాడ్, 316కు 316ఎల్ రాడ్ ఉండాలి.

రెండోది ఇనుప రజను. అదే వెల్డర్ అదే గ్రైండర్ చక్రంతో పొద్దున ఎమ్మెస్ (మామూలు ఇనుప) గేటు అరగదీసి, మధ్యాహ్నం మీ రెయిలింగ్ పట్టుకుంటే, చక్రంలో ఇరుక్కున్న ఇనుము మీ పైపులోకి దిగుతుంది. ఇనుప బ్రష్షుతో తోమినా అంతే. పక్కన గ్రిల్ కోసినప్పుడు ఎగిరిన నిప్పురవ్వలు పైపు మధ్యలో చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టిస్తాయి. జాయింటు దగ్గర పట్టీలా కాక ఎక్కడపడితే అక్కడ చుక్కలుంటే దోషం దీనిదే.

మూడోది యాసిడ్. మెట్లకు గ్రానైటు వేశాక సిమెంటు మరకలు పోవడానికి బాత్రూం యాసిడ్‌తో కడుగుతారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఆవిరి తగిలినా స్టెయిన్‌లెస్ పైపొర దెబ్బతింటుంది, సూదిమొనంత గుంటలు పడతాయి. హైదరాబాద్‌లో కొత్త ఇళ్ల రెయిలింగులు పాడవడానికి వెల్డింగ్ తర్వాత నేను వేలెత్తి చూపేది దీన్నే. నేల కడిగాకే రెయిలింగ్ బిగించాలి, లేదంటే ప్లాస్టిక్ తొడుగు విప్పకూడదు.

ఇక పని. మీది మిర్రర్ ఫినిష్ కాబట్టి పిక్లింగ్ పేస్ట్ జోలికి పోవద్దు. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు కలిసిన ఆ పేస్ట్ రంగును, దాని కింది చెడ్డ లోహాన్ని చక్కగా తినేస్తుంది కానీ తగిలిన చోటల్లా పైపు తెల్లగా మసకబారుతుంది. మ్యాట్ పైపులకు, పాలిష్‌కు ముందు దశలో ఉన్న పనికి అది సరైనది. ఇంట్లో వాడే సరుకు అసలే కాదు. హైడ్రోఫ్లోరిక్ ఒంటిమీద పడితే మంట వెంటనే తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా ఆ డబ్బా మూత తీయకూడదు.

మిర్రర్ పైపుకు మెషీన్‌తో కోసి తీయడమే దారి. వెల్డ్ ఇంకా ఉబ్బుగా ఉంటే 80 నంబరు ఫ్లాప్ డిస్క్ (ఎమరీ రేకులు అంటించిన గ్రైండర్ చక్రం; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) ఉబ్బు మీద మాత్రమే ఆడాలి, పైపు మీదికి జారకూడదు. రెయిలింగ్ పైపు మందం చాలాసార్లు 1.2 మిల్లీమీటర్లే. రెండు సార్లు చెయ్యి జారిందంటే జాయింటు పక్కన పల్లం పడి, మెరిపించాక అందులో మీ ముఖం వంకరగా కనిపిస్తుంది. ఆ పల్లాన్ని ఏ పాలిషూ పూడ్చలేదు. ఉబ్బు కాగితమంత మిగలగానే డిస్క్ ఆపి 120, తర్వాత 180, 240, 320, 400 నంబర్ల ఎమరీ గుడ్డ పట్టీలకు మారాలి. అంగుళం వెడల్పు పట్టీని పైపు చుట్టూ తిప్పి, బూటు పాలిష్ చేసేవాళ్లు గుడ్డ లాగినట్టు రెండు చేతులా లాగితే పైపు గుండ్రదనం చెడదు.

ఇక్కడే సగం మంది తప్పు చేస్తారు. 120 తర్వాత నేరుగా 320కి దూకి, గీతలు పోకపోతే బఫ్ చక్రాన్ని గట్టిగా అదుముతారు. ఒక్కో నంబరులో ముందు నంబరు గీతలన్నీ పోయాకే ముందుకెళ్లాలి. అవి పోయాయో లేదో తెలియడానికి ఒక నంబరు నిలువుగా కొడితే తర్వాతది ఏటవాలుగా కొట్టాలి. కొత్త గీతలకు అడ్డంగా కనిపించే గీత పాత గీతే. వేడి నీలం పట్టీ దాటి ఇంకో అర అంగుళం వరకూ ఎమరీ పోవాలి, ఎందుకంటే లేత గడ్డి రంగు పగటి వెలుతురులో సరిగా కనబడదు.

వేగం సంగతి. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో ఒకేచోట పెట్టి ఉంచితే చక్రమే కొత్తగా నీలం రంగు తెస్తుంది, అంటే పోగొట్టిన జబ్బును మళ్లీ అంటిస్తుంది. వేగం తగ్గించే మీట ఉన్న గ్రైండర్ తీసుకుని సగానికి పెట్టుకోవాలి. అరచెయ్యి పెట్టలేనంత వేడెక్కిందంటే పక్క జాయింటుకు వెళ్లిపోండి.

400 దాటాక నార చక్రం, దానికి ముతక పాలిష్ కడ్డీ (చక్రానికి రుద్దే మైనపు ముద్ద). ఆ తర్వాత మెత్తటి నూలు చక్రం, దానికి ఆకుపచ్చ కడ్డీ. మధ్యలో మైనం, నూనె తుడవాలి. ఒక చక్రానికి రెండు రకాల కడ్డీలు రుద్దవద్దు, ముతక రేణువులు మెత్తటి చక్రంలో చేరితే మెరుపు మీద సన్నటి వెంట్రుక గీతలు వస్తాయి. పైపు కొస చక్రానికి ఎదురుగా ఉంటే పట్టుకుని విసిరేస్తుంది, అందుకే చక్రం ఎప్పుడూ కొస నుంచి బయటికే జారాలి. వదులు చొక్కా, గుడ్డ గ్లవుజులు వద్దు.

అరగదీస్తున్నప్పుడు సూదిరంధ్రాలు బయటపడితే అక్కడ ఆపండి. బాల్కనీలో గాలి వీచి, వెల్డ్‌కు గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ వాయువు చెదిరిపోయినా, పైపు మీది ప్లాస్టిక్ జిగురు తుడవకుండా వెల్డ్ చేసినా ఇవి వస్తాయి. బఫింగ్ మైనం వాటిని పూడ్చేసి నున్నగా చూపిస్తుంది, వాన నీళ్లు దిగాక గోధుమ చారలు కారతాయి. కోసేసి మళ్లీ వెల్డ్ చేయడం తప్ప వేరే మందు లేదు.

మెరుపు వచ్చాక కూడా ఒక పని మిగిలే ఉంది, దాన్ని చేసేవాళ్లు తక్కువ. ఆక్సైడ్ పొర మళ్లీ గట్టిగా కట్టుకునేలా నిమ్మ ఉప్పుతో (సిట్రిక్ యాసిడ్) పాసివేషన్ చేయాలి. ముందు డిష్ వాష్ ద్రవంతో మైనం మొత్తం పోయేలా కడగాలి, నీళ్లు బిందువులుగా కాక పొరలా నిలిస్తేనే శుభ్రమైనట్టు. లీటరు నీటికి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, 50 డిగ్రీల దాకా వేడి చేసి, పాత నూలు గుడ్డలు తడిపి జాయింటు చుట్టూ కట్టండి. అరగంట పైన ఉంచాలి, ఆరకుండా మధ్యమధ్యలో పోస్తుండాలి. ఆమ్లం రాయి మీద కారనివ్వకండి, పాలరాయి, కడప రాయి మచ్చపడతాయి. ఆ తర్వాత మంజీర కుళాయి నీళ్లతోనో ఫిల్టర్ నీళ్లతోనో కడిగి వెంటనే తుడవాలి. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు చారలు మిగిలి, అందులోని క్లోరైడ్లు మళ్లీ కొరకడం మొదలుపెడతాయి.

పని బాగా జరిగిందా అని చూడాలంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పరీక్ష ఉంది. 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో 1 మిల్లీలీటరు సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి 4 గ్రాముల మైలుతుత్తం కరిగించాలి. పోసేది ఆమ్లం నీటిలోకే, నీరు ఆమ్లంలోకి కాదు. కంటికి ఆనని మూలలో దూదితో రాసి 6 నిమిషాలు తడిగా ఉంచండి. గులాబీ రంగు రాగి పూత కనిపిస్తే అక్కడ ఇనుము ఇంకా ఉన్నట్టే, మళ్లీ ఎమరీ నుంచి మొదలు. వంటపాత్రల మీద ఈ పరీక్ష చేయకండి.

ఇదంతా చేశాక కూడా కాళ్ల దగ్గర, నేలను తాకే చోట మాత్రమే మరక వస్తుంటే జాయింటును తిట్టుకోవద్దు. అలంకారపు కప్పు పైకి లేపి చూడండి. దాని కింద మామూలు ఇనుప బోల్టులు బిగించి ఉంటాయి, కారే తుప్పు నీళ్లు వాటివే. ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) బోల్టులకు మార్చి, కప్పు కింద సిలికాన్ పెట్టించండి.