బియ్యం డబ్బా సీన్ నీకే ఇస్తున్నాను

అమ్మాయీ,

నీ మెయిల్ నిన్న రాత్రి చూశాను. అమెరికాలో రచయిత్రులు వెళ్లి ఉండి రాసుకునే హెడ్జ్‌బ్రూక్‌లో నీకు చోటు దొరికిందని చదవగానే మీ అమ్మకి ఫోన్ చేశాను. అది ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. ఆఫీసుకి సెలవు పెట్టి, పిల్లాణ్ణి మీ అత్తగారికి అప్పజెప్పి, మూడు వారాలు కూర్చుని టీవీకి కామెడీ రాసుకోవడానికి వెళ్తున్నావు. మా రోజుల్లో ఇంట్లో ఆ మాట అనడానికే నోరు వచ్చేది కాదు.

ఇక నువ్వడిగింది. "పెద్దమ్మా, నాతో పాటు ఉండే ఐదుగురికీ తెలుగిల్లు ఎలా ఉంటుందో తెలీదు. నా జోకులు వాళ్లకెలా అర్థమవుతాయి? ముందే నోట్స్ రాసుకుని వెళ్లనా?"

వద్దు. నోట్స్ రాయకు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

నీ మెయిల్ వచ్చాక ఆ చోటు గురించి దొరికినదంతా చదివాను. సియాటిల్ దగ్గర ముకిల్‌టియోలో ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో విడ్బీ దీవి. అక్కడ 1988 నుంచి, నాన్సీ నార్డాఫ్ అనే ఆవిడ రచయిత్రుల కోసం కట్టించిన ఆరు చిన్న చెక్క ఇళ్లు. ఇంటికొక్కరు. కట్టెల పొయ్యి, రాసుకునే బల్ల, పైన అటక మీద పడక. రాత్రి భోజనానికి మాత్రం అందరూ పెద్దింట్లో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారట. నవల రాసే మనిషికి ఆ చెక్క ఇల్లు చాలు. నీకు ఆ భోజనాల బల్ల కూడా కావాలి. జోకు పేలిందో లేదో ఒక్కదానివే కూర్చుంటే ఎప్పటికీ తెలీదు.

నాకు ఆ సంగతి 2003లో తెలిసింది, గోదావరి పుష్కరాలకి నెల ముందు. హైదరాబాద్ యూసఫ్‌గూడలో ఒక గెస్ట్‌హౌస్‌లో స్టోరీ సిట్టింగ్, అంటే టీవీ ఎపిసోడ్ కథ మీద చర్చ. గదిలో ఐదుగురు మగవాళ్లు, నేను. నా సీన్ ఇది. అత్తా కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే బియ్యం డబ్బాలో డబ్బు దాస్తారు. ఒకరి ముడుపు ఒకరి చేతికి తగులుతుంది. అడుగుదామంటే తనదీ బయటపడుతుంది. నేను చెప్పడం పూర్తయ్యాక డైరెక్టర్ గారు, "ఇందులో కామెడీ ఎక్కడుందమ్మా?" అన్నారు.

వివరించడం మొదలుపెట్టాను. మన ఆడవాళ్లు వంటింట్లోనే ఎందుకు దాచుకుంటారు, సొంతానికంటూ పది రూపాయలు ఉండటం ఎంత కష్టం, అత్తని అడగాలంటే కోడలికి ఎందుకు మొహమాటం. పది నిమిషాలు చెప్పాను. చెప్పేకొద్దీ గది చల్లబడిపోయింది. చివరికి ఆ ఎపిసోడ్‌లో నా సీన్ తీసేసి, ఒక నటుడికి చీర కట్టించి నాలుగు పంచ్‌లు వేయించారు.

మర్నాడు మేకప్ రూమ్‌లో అదే సీన్ అత్త వేషం వేసే నటికి, హెయిర్‌డ్రెస్సర్‌కి చెప్పాను. సగంలోనే నవ్వడం మొదలుపెట్టారు. "మా ఇంట్లో అయితే మినప్పప్పు డబ్బా అమ్మా" అని హెయిర్‌డ్రెస్సర్ దువ్వెన పక్కన పెట్టేసి మరీ నవ్వింది. ఆడవాళ్లకి అర్థమైంది, మగవాళ్లకి కాలేదు, అంతే అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకుంటూ ఉండిపోయాను.

అది సగమే నిజం. రెండు చోట్లా నేను ఎలా మొదలుపెట్టానో తర్వాతెప్పుడో గుర్తు చేసుకుంటే తెలిసింది. గెస్ట్‌హౌస్‌లో "మన ఆడవాళ్లు బియ్యం డబ్బాలో డబ్బులు దాచుకుంటారు కదండీ" అని మొదలుపెట్టాను. అది ఒక అలవాటు గురించిన సమాచారం. మేకప్ రూమ్‌లో మాత్రం "కోడలికి చెల్లెలి పరీక్ష ఫీజు కట్టాలి, అత్తకి కొడుకుని అడగకుండా పుష్కరాలకి రాజమండ్రి వెళ్లాలి" అన్నాను. ఎవరికి ఏం కావాలో మొదటి మాటలోనే చెప్పాను. వాళ్లు నవ్వింది దానికి.

నీ పైలట్, అదే నీ షో మొదటి ఎపిసోడ్, మొదటి పది పేజీలు పంపావు కదా. అందులో తల్లి కూతురితో ఉగాది అంటే మన కొత్త సంవత్సరం అని చెబుతుంది. ఆ పిల్లకి పాతికేళ్లు. ఏ తల్లీ పాతికేళ్ల కూతురికి ఆ మాట చెప్పదు. ఆ డైలాగ్ నువ్వు తెరకి అవతల కూర్చున్న అమెరికావాళ్ల కోసం రాశావు. నేను గెస్ట్‌హౌస్‌లో చెప్పిన పది నిమిషాలూ అదే. కొట్టెయ్. ఆ తల్లికి ఆ పూట ఏం కావాలి? వేపపువ్వు కావాలి, ఆ ఊళ్లో దొరకదు, పక్కింటావిడని అడగడానికి మనసొప్పదు. ఇది రాయి. వేపపువ్వు ఏమిటో తెలియనివాళ్లకి కూడా ఆ మనసొప్పకపోవడం తెలుస్తుంది. గోంగూరని గోంగూర అనే రాయి, పక్కన అర్థం పెట్టకు.

నమ్మకం కుదరకపోతే పాత అమెరికన్ టీవీ కామెడీ "ఐ లవ్ లూసీ"లో 1952లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్ చూడు. ఇద్దరు ఆడవాళ్లు బెల్ట్ మీద వచ్చే చాక్లెట్లకి కాగితం చుట్టాలి. ఒక్కటి వదిలినా ఉద్యోగం పోతుంది. బెల్ట్ వేగం పెరుగుతుంది. నోట్లో కుక్కుకుంటారు, టోపీలో దాస్తారు, జాకెట్లో వేసుకుంటారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అమ్మ ఆ సీన్ చూసి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆవిడకి ఎవరూ ఏమీ వివరించలేదు.

ఆ షో మొదలైన 1951లో దాన్ని రాసింది ముగ్గురు. వాళ్లలో ఒక్కతే ఆడమనిషి, మాడలిన్ ప్యూ. నటి చేయాల్సిన పనిని ఆవిడ ముందు తను చేసి చూసేదట. ఒకసారి ఒంటిచక్రం సైకిల్ ఎక్కి గోడకి గుద్దుకుని, ఇది వద్దు అని తీసేశారట. ఈ పద్ధతి నువ్వూ పట్టుకో. నేను ఆ గెస్ట్‌హౌస్ సిట్టింగ్ తర్వాత ఒకరోజు ఇంట్లో నిజంగానే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను. అంట్లు తోమిన తడి చెయ్యి. అడుగు దాకా వెళ్లాలంటే మోచెయ్యి మునిగింది. బయటికి తీస్తే చెయ్యంతా బియ్యం గింజలు అంటుకుని ఉన్నాయి. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. ఆ చేత్తోనే తలుపు తీశాను.

అంతే, సీన్‌కి మొదలు దొరికింది. కోడలు మోచేతి దాకా బియ్యంతో తలుపు తీస్తుంది. గుడి నుంచి వచ్చిన అత్త ఆ చెయ్యి చూస్తుంది. ఇద్దరూ ఒక్క మాటా అనరు. కోడలు ఆ చేత్తోనే ప్రసాదం తీసుకుంటుంది. చివర కూడా ఆ రోజే రాసేశాను, ఇదిగో:

"బియ్యానికి పురుగు పట్టినట్టుంది, డాబా మీద ఎండబోస్తా" అంటాడు కొడుకు.

"వద్దు!" ఇద్దరూ ఒకేసారి.

"నీకెందుకు వద్దమ్మా?" అంటుంది అత్త.

"మీకెందుకు వద్దు అత్తయ్యా?" అంటుంది కోడలు.

మొదట రాసినప్పుడు దీని తర్వాత కోడలు తనలో తాను "అయ్యో, నా డబ్బు ఆయన కంట పడితే ఎలా?" అనుకునేది. ఆ లైన్ తీసేసిన రోజు నాకు రాయడం వచ్చిందనుకుంటాను.

ఇందులో అత్తని ఎవరూ ఎగతాళి చేయలేదు, గమనించావా? భానుమతి గారి అత్తగారి కథలు మీ అమ్మ నీకు చదివి వినిపించే ఉంటుంది. ఆ అత్తగారి పట్టుదలకి నవ్వుతాం, ఆవిడంటే ప్రేమ పెరుగుతుంది. ఆడమనిషి లావునో నలుపునో పట్టుకుని వేసే జోకు నీ పైలట్‌లో మూడో సీన్‌లో ఒకటుంది. బాధపడకు, చిన్నప్పటి నుంచి విన్నవే చేతిలోకి వస్తాయి. తీసెయ్, అంతే.

అక్కడ రోజులెలా గడపాలని అడిగావు. మొదటి రెండు రోజులు నిద్రపో, చిన్న పిల్లాడి తల్లివి. ఇంటికి రోజుకి ఒక్క ఫోన్ చాలు. పైలట్‌ని మెరుగులు దిద్దుతూ కూర్చోకు, అది రెడ్మండ్‌లో మీ ఇంట్లో కూడా చేసుకోవచ్చు. రోజుకొక కొత్త సీన్ రాయి. రాత్రి భోజనాలయ్యాక, వాళ్లు వింటామంటే చదువు. నవ్విన చోట పేజీ మీద చుక్క పెట్టుకో. నవ్వని చోట వివరించకు, నోరు కట్టేసుకుని "ఈ మనిషికి ఏం కావాలో తెలిసిందా?" అని ఒక్కటే అడుగు. తెలియలేదంటే తప్పు సీన్‌లో ఉంది. తెలిసినా నవ్వు రాలేదంటే లైన్ పొడుగై ఉంటుంది.

ఆ చుక్కలు నీకు తర్వాత చాలా పనికొస్తాయి. రేపు ఏదైనా షోలో ఉద్యోగం వస్తే, రచయితల గదిలో నువ్వొక్కదానివే ఆడపిల్లవి కావచ్చు. 2005లో మొదలైన అమెరికన్ కామెడీ షో "ది ఆఫీస్"లో రాయడానికి చేరినప్పుడు ఎనిమిది మంది రచయితల్లో ఆడపిల్ల మిండీ కేలింగ్ ఒక్కతే, ఇరవై నాలుగేళ్ల పిల్ల. అలాంటి గదిలో ఎవరైనా "ఇందులో కామెడీ ఎక్కడుంది?" అంటే, ఐదుగురు ఎక్కడ నవ్వారో నీ దగ్గర రాసి ఉంటుంది. నా దగ్గర ఆ రోజు ఏమీ లేదు. అందుకే పది నిమిషాలు మాట్లాడాను.

ఇంకొకటి, మర్చిపోకముందే. ప్రతి డ్రాఫ్ట్ మీదా నీ పేరు, తేదీ వెయ్యి. బయటికి ఇచ్చే ముందు అక్కడి రచయితల సంఘం రైటర్స్ గిల్డ్‌లో రిజిస్టర్ చేయించు, సభ్యత్వం లేకపోయినా చేస్తారు. నేను అరవై ఎపిసోడ్లు టైటిల్ కార్డులో పేరు లేకుండా రాశాను. ఆ కథ ఇప్పుడొద్దు.

బియ్యం డబ్బా సీన్ ఇంతవరకు ఎవరూ తీయలేదు. అది నీకిచ్చేస్తున్నాను. నీ పైలట్‌లో అత్తా కోడళ్లకి సరిపోయేలా మార్చుకో. పుష్కరాలు తీసేసి ఇంకేదైనా పెట్టు, ఆ తడి చెయ్యి మాత్రం ఉంచు. మూడో రోజు రాత్రి ఆ బల్ల దగ్గర చదువు. చదివాక వాళ్లని వాళ్ల అమ్మలు డబ్బు ఎక్కడ దాచేవాళ్లో అడుగు. నీకక్కడ రాత్రి ఎనిమిదయితే ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర. నా కాఫీ కూడా అయిపోయి ఉంటుంది. అన్నీ రాసుకుని ఫోన్ చెయ్యి, ఒక్కొక్కరిదీ వినాలనుంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ