కుబుసం విడిచిన సాలీడు మేత ముట్టడం లేదు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మావాడి పోరు పడలేక మెక్సికన్ రెడ్ నీ టరాంటులా అనే సాలీడు పిల్లను కొనిచ్చాం, ఇంకా రూపాయి బిళ్లంత కూడా లేదు. మొన్న వెల్లకిలా పడి ఉంటే చచ్చిపోయిందనుకుని వాడు ఒకటే ఏడుపు, తీరా చూస్తే కుబుసం విడిచింది. మూడు రోజులైంది, కీచురాయిని వేస్తే దగ్గరికి కూడా రావడం లేదండీ. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కీచురాయిని తీసేయండి, మిగతా సంగతి తర్వాత. కుబుసం విడిచాక సాలీడు ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, కోరలు కూడా గట్టిపడవు, కాబట్టి అది కీచురాయిని తినడం అటుంచి కీచురాయే దాన్ని కొరికి చంపేయగలదు. కోరలు మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా మారతాయి. నల్లబడ్డాకే మేత. చిన్న పిల్లకైతే ఇంచుమించు వారం పడుతుంది, పెద్దదైతే రెండు వారాలు కూడా ఆగాలి. కోరల రంగు చూడ్డానికని దాన్ని చేత్తో తిప్పకండి, పెట్టె అద్దానికి ఎక్కినప్పుడు కింద నుంచి టార్చి వేసి చూస్తే చాలు.

మొదటి మేతగా దాని పొట్ట కంటే చిన్న పురుగునే, అదీ చంపి వేయండి. మర్నాటికి ముట్టకపోతే తీసేయండి, లేకపోతే బూజు పడుతుంది. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి, సీసా మూతలో పోసినా సరిపోతుంది. ఆకలికి చచ్చిపోతుందని భయపడకండి, ఇవి వారాల తరబడి ఉపవాసం ఉండగలవు. అన్నట్టు, ఆడదైతే ఇరవై ఏళ్లకు పైనే బతుకుతుంది, మీవాడు కాలేజీకి వెళ్లాక మేపాల్సింది మీరే!